కడిగిన దుంపలు

లోయిస్‌కి అసహ్యం వెయ్యడానికి పెద్ద కారణం అక్కర్లేదు. టీ గ్లాసు అంచున ఎవరిదో పెదవి మరక, లోకల్ రైలు సీటు మీద ఎవడో వలిచి పడేసిన పల్లీ తొక్కు, ప్రార్థనకి వచ్చేవాళ్ళ చెప్పులకి అంటుకొచ్చే టికియాపారా బురద. ఏది కంటబడినా ముందు ముక్కు ముడుచుకునేది, మాట తర్వాత వచ్చేది. రైలు పెట్టెలు బాగుచేసే కార్ షెడ్‌లో పనిచేసే జెఫ్రీని చేసుకుని రైల్వే క్వార్టర్‌కి వచ్చిన దగ్గర్నుంచి, నూనె చేతులతో ఆయన్ని ఒక్కనాడూ గడప దాటనివ్వలేదు. ఆ బెంగాలీ ఊళ్ళోని తెలుగు క్రైస్తవ సంఘంలో స్త్రీల సమాజానికి ఆవిడే కార్యదర్శి. గుడి అద్దంలా ఉందంటే లోయిసమ్మ చలవే అంటారందరూ. "అంతా దేవుడి కృప" అంటుంది ఆవిడ. చీపురు పట్టిందెవరో దేవుడికీ తెలుసులే అన్న ధీమా మాత్రం ముఖంలో దాగేది కాదు.

కోత పండుగకి ముందురోజు, శనివారం పొద్దున్న, గుడి వెనక పెరట్లో ఆడవాళ్ళంతా ప్రేమవిందు వంటకి కూరగాయలు తరగడానికి కూర్చున్నారు. లోయిస్ మొదటి బంగాళాదుంప చేతిలోకి తీసుకుని చాకుతో ఒక పెచ్చు లేపింది.

"ఛీ!" అని దాన్ని బుట్టలోకి విసిరేసింది.

పెచ్చు కింద ఆకుపచ్చ. లేత రంగు కూడా కాదు, నీళ్ళ ట్యాంకు గోడకి పట్టే నాచు రంగు. ఇంకో దుంప తీసింది. అదీ అంతే. మూడోదాన్ని నిలువునా కోసింది. అంచు చుట్టూ పచ్చటి చార, కళ్ళు ఉన్నచోట ఊదారంగు మొలకలు తలెత్తుతున్నాయి. చేతికి పట్టిన తడిని వాసన చూసి కొంగుతో తుడుచుకుని, కొంగు కూడా మైలపడిందని మళ్ళీ ముఖం చిట్లించింది.

"ఏటి వదినా?" పక్కనే కత్తిపీట ముందు కూర్చున్న రేబెకా మెడ చాచింది. "అబ్బో! ఇవి మన అప్పలలక్ష్మి ఇచ్చినవే కాదూ?"

అవి అప్పలలక్ష్మి ఇచ్చినవే. పొలం ముఖం చూడని రైల్వే వాళ్ళు కోత పండుగ చేసుకోవడమేమిటని బయటివాళ్ళు నవ్వుకోవచ్చు గానీ, ఈ సంఘంలో దానంత పండుగ లేదు. తాతలు చీపురుపల్లి నుంచో పాలకొండ నుంచో పట్టుకొచ్చిన ఆచారం. ముందు ఆదివారమే ఇంటింటి నుంచీ గుమ్మడికాయలు, అరటిగెలలు, చెరుకుగడలు, బియ్యం తెచ్చి దేవుడి ముందు పెడతారు. స్త్రీల సమాజం వాటితో గుడంతా అలంకరిస్తుంది. వారం రోజులూ సాయంత్రం ప్రార్థనలు నడుస్తాయి. ఆ తర్వాత పండుగ. కొన్నిటిని వేలం వేస్తారు, మిగిలినవి విందు వంటకి పోతాయి. ఈ ఏడు అప్పలలక్ష్మి రెండు బస్తాల దుంపలు తెచ్చింది. బజారు పక్క ఫుట్‌పాత్ మీద దుంపలూ ఉల్లిపాయలూ అమ్ముకునే మనిషి. మొగుడు సత్యరాజు గోదాముల్లో బస్తాలు మోస్తాడు. సంఘానికి కొత్త. రేపటి ఆరాధనలోనే పాస్టరు అయ్యగారు ఆమెతో చెయ్యి కలిపి, కుడిచేతి సహవాసం ఇచ్చి సభ్యురాలిగా చేర్చుకోవాలి. ఆమె తరఫున సాక్ష్యం చెప్పవలసింది లోయిస్.

ఆ రెండు బస్తాలనూ లోయిస్ ఎంత ముచ్చటగా అలంకరించిందో చూసినవాళ్ళు ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. దక్షిణం కిటికీ అరుగు మీద దుంపల్ని మెట్లు మెట్లుగా పేర్చి, మధ్యలో సిలువ ఆకారం తెచ్చి, చుట్టూ తెల్లటి లైట్లు వేయించింది. ఈ పొద్దున్న పైవరసలు తీసి రెండు బుట్టలకెత్తి పెరట్లోకి తెచ్చారు.

"కాస్త మందంగా చెక్కేస్తే సరిపోదూ?" అంది ఒకావిడ. "మా అమ్మ అలాగే చేసేది. మేమేం చచ్చిపోయామా?"

లోయిస్ కూతురు షెకైనా ఫోన్ తీసింది. నర్సింగ్ చదువుతోంది, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం అంతంతమాత్రం. "ఆగండి ఆంటీ. కొంచెం గ్రీన్ ఉంటే లోతుగా చెక్కేసి తినొచ్చంట. బాగా పచ్చబడినా, చేదున్నా ఏకదమ్ పారెయ్యాలంట. అందులో విషం లాంటిదేదో పెరుగుతుంది, ఉడకబెట్టినా పోదు. వాంతులు, కడుపునొప్పి. పిల్లలకైతే ఇంకా డేంజర్. అసలెందుకలా అవుతాయంటే మమ్మీ..."

"ఎందుకైతే మనకేటి! చాల్లే, ఆ ఫోన్ లోపలెట్టు."

విందులో మొదటి పంక్తి సండే స్కూలు పిల్లలదే. లోయిస్‌కి అదే తలపుకొచ్చింది. అయినా పూర్తిగా తేల్చుకోవాలని ఒక దుంపని పచ్చదనం పోయేదాకా చెక్కి, గిన్నెలో ఉప్పేసి ఉడికించి, ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. మొదట మామూలుగానే ఉంది. మింగబోయేసరికి నాలుక వెనక చేదు పట్టుకుంది, గొంతులో దురదలాంటి మంట లేచింది. తూమువైపు పరుగెత్తి ఉమ్మేసి, చెంబుడు నీళ్ళతో పుక్కిలించింది. అయినా చేదు వదల్లేదు. తినేది నోట్లోంచి వెనక్కి రావడం కంటే రోతపని ఇంకోటి లేదనిపించి ఆవిడకి ఒళ్ళంతా కంపరమెత్తింది.

సరిగ్గా అప్పుడే అప్పలలక్ష్మి వచ్చింది. తలారా స్నానం చేసింది, జడ బిగించింది, చంకలో సొంత కత్తిపీట. గుడి వంటకి ఆమెని పిలవడం ఇదే మొదలు. ఎక్కడ కూర్చోవాలో తెలియక నవ్వుతూ నిలబడింది. ఎవరూ జరగలేదు.

"ఇదేటే అప్పలలక్ష్మీ?" లోయిస్ కోసిన దుంపని ఆమె ముఖం ముందు పెట్టింది.

అప్పలలక్ష్మి అందుకుని అటూ ఇటూ తిప్పింది. తలెత్తి గుడి కిటికీ వైపు ఒకసారి చూసింది. తర్వాత లోయిస్ వైపు చూసింది. ఏదో అనబోయి ఆగి తల దించుకుంది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే అనుకుంది లోయిస్.

"నాను తెచ్చినప్పుడు బాగున్నాయమ్మగారూ."

"మరి రాత్రికి రాత్రి దెయ్యమొచ్చి రంగేసిందేటి?" అంది రేబెకా. "ఒట్టిపోయిన ఆవుని దానం చేసినట్టుంది నీ కానుక. అమ్ముడుపోని సరుకంతా దేవుడి నెత్తిన రుద్దీసి, సభ్యురాలివైపోదామనే!"

"మార్చి తెచ్చిత్తానమ్మా. ఇప్పుడే తెచ్చిత్తాను."

"మార్చుకోడానికి ఇదేం చీరల కొట్టా?" లోయిస్ గొంతు లేచింది. "పసిపిల్లల నోట్లో పెట్టబోయే కూడు. నీకెలా చేతులొచ్చాయి? ముట్టుకుంటే నాకే డోకొస్తోంది."

రెండు బుట్టలూ పట్టించుకెళ్ళి వీధి చివర చెత్తకుండీలో బోర్లించింది. అక్కడ తిరిగే మేక ఒకటి వచ్చి మూతి పెట్టి, వాసన చూసి, పక్కకి పోయింది. "గొడ్డు కూడా ముట్టలేదు" అని తిరిగొచ్చి అందరికీ చెప్పింది. అప్పటికే అప్పలలక్ష్మి కత్తిపీట చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె నిలబడిన చోటు ఖాళీ అయింది, ఇప్పుడు అందరూ కాస్త జరిగి కూర్చున్నారు.

పన్లో పనిగా లోయిస్ అయ్యగారింటికి కూడా వెళ్ళొచ్చింది. "రేపు అప్పలలక్ష్మి పేరు చదవకండి అయ్యగారూ. ఆవిడ మనసు ఇంకా బజార్లోనే ఉంది."

అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చాలా ఆశ పెట్టుకుందమ్మా పాపం. తెల్లచీర కూడా కొనుక్కుందట."

"చీర తెల్లగా ఉంటే సరిపోతుందా?"

"సాక్షివి నువ్వు. నువ్వే కాదంటే నేనేం చెయ్యను?" అని ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. మెత్తటి మనిషి. మెత్తటివాళ్ళ వల్ల జరిగే అన్యాయాలకి చప్పుడుండదు.

*

విందుకి దుంపలు కావాలి. మధ్యాహ్నం లోయిస్ సంచులు పట్టుకుని బజారుకి వెళ్ళింది. వేరే దారి ఉంది. అయినా కావాలనే అప్పలలక్ష్మి కొట్టు ముందునుంచి నడిచింది.

కొట్టంటే ఒక పట్టా, తక్కెడ, బోర్లించిన చెక్కపెట్టె. నీలం ప్లాస్టిక్ గుడ్డ పైకప్పు. దుంపల రాశి మీద సగందాకా గోనెపట్టా కప్పి ఉంది. కప్పని సగంలో దుంపలు మట్టి కొట్టుకుని, గోధుమరంగులో, గట్టిగా ఉన్నాయి. ఒక్కదాని మీద పచ్చ చుక్క లేదు.

ఇంతకంటే రుజువేం కావాలి? మంచివి అమ్మకానికి, పాడువి దేవుడికి. పైగా ఆ మట్టి! తూకానికి కలిసొస్తుందని మట్టి కూడా దులపదు. మొన్న కానుక తెచ్చినప్పుడూ అంతే, బస్తా విప్పితే మట్టిపెళ్ళలు రాలాయి. దేవుడి సన్నిధిలో ఇదేం దరిద్రమని లోయిసే చేతిపంపు కింద ఒక్కొక్క దుంపనీ కొబ్బరిపీచుతో రుద్ది రుద్ది తళతళలాడేదాకా కడిగింది.

"అమ్మగారూ." అప్పలలక్ష్మి లేచి నిలబడింది. అప్పటికే ఒక సంచి నింపి పక్కన పెట్టి ఉంచింది. "రేపటి కూరకి తీసుకెళ్ళండమ్మా. మంచియి ఏరినాను."

లోయిస్ సంచి వైపు చూడలేదు. రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న బెంగాలీ దుకాణంలో దుంపలు తూయించుకుంది. అతను సంచి నింపుతున్నంతసేపూ వీపు మీద ఒక చూపు ఆనినట్టే ఉంది. ఆనితే ఆననీ అనుకుంది. తిరిగి వస్తున్నప్పుడు కంటి కొసకి కనిపించింది. అప్పలలక్ష్మి నింపిన సంచిని మళ్ళీ రాశిలో కుమ్మరించి, ఒక్కొక్క దుంపనీ సర్ది, పైన గోనెపట్టా లాగుతోంది. పాడు సరుకు దాచుకుంటోంది కాబోలు అనుకుంటూ లోయిస్ నడక పెంచింది.

*

సాయంత్రం ఆఖరి ప్రార్థన అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. కిటికీలో మిగిలిన దుంపల్ని తీసి పారేసి, అరుగు ఫినాయిల్‌తో కడిగించాలని లోయిస్ ఒక్కతీ ఉండిపోయింది. తెల్లటి లైట్లు ఇంకా వెలుగుతున్నాయి. వారంగా రాత్రీ పగలూ ఆర్పింది లేదు, ఆర్పితే అందం పోతుందని ఆవిడే వద్దంది.

చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని దుంపల్ని తీయడం మొదలుపెట్టింది. ముందు వరసంతా పచ్చగానే ఉంది. రెండో వరసలో ఒక దుంప తీసి చూసి ఆగింది. ముందు ముఖం పచ్చగా ఉంది. వెనక ముఖం శుభ్రంగా, లేత పసుపుగా ఉంది. ఇంకోటి తీసింది. దాని పచ్చటి ముఖం మీద నున్నటి గుండ్రని మచ్చ, రూపాయి బిళ్ళంత, తెల్లగా. దాన్ని ఆనుకుని పక్క దుంప ఉన్న చోటది. పక్కదాన్ని తెచ్చి ఆనించి చూసింది. మచ్చకి మచ్చ సరిపోయింది.

చేతికున్న సంచి లాగేసింది. అడుగువరసలు గబగబా లాగింది. గోడవైపు, ఎర్రగుడ్డ మడతలో, చీకట్లో పడున్న దుంపలు నిక్షేపంగా ఉన్నాయి. సరిగ్గా కడగని వాటి మీద మట్టి ఎంత మేర అంటుకుని ఉందో అంతమేరా గోటితో గీస్తే కింద తోలు మామూలు రంగే.

కిటికీ వైపు చూసింది. ఈ కార్తీక మాసపు ఎండ పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడేది ఆ కిటికీలోంచే. ఎండ పోయాక లైట్లు. అందంగా కనబడాలని దుంపలన్నిటినీ వెలుగుకి ఎదురుగా నిలబెట్టింది ఆవిడే. వెలుగు తగలకుండా అడ్డున్న ఒక్క మట్టినీ కొబ్బరిపీచుతో రుద్ది వదిలించిందీ ఆవిడే.

ఫోన్ చేసింది. "షెకైనా, పొద్దున్న ఎందుకలా అవుతాయో ఏదో చదవబోయావు..."

"అదా? వెలుతురు తగిలితే మమ్మీ. చీకట్లో పెట్టుకోవాలంట. ఎందుకు?"

"ఏం లేదులే."

నోట్లో పొద్దుటి చేదు మళ్ళీ ఊరింది. అది దుంప చేదు కాదని ఆవిడకి తెలుసు. ఎదుటివాళ్ళ మురికి చూసి ఎన్నోసార్లు కడుపులో తిప్పింది గానీ, తన చేతులు చూసుకుని తిప్పడం ఇదే మొదలు. బొటనవేలి చర్మం ముడతల్లో దుంప జిగురు నల్లగా పట్టి ఉంది. పొద్దున్నుంచి ఎన్నిసార్లు సబ్బేసిందో! పోలేదు.

వెనక అలికిడైంది. మరిచిపోయిన గొడుగు కోసం రేబెకా వచ్చింది. "ఇంకా ఉన్నాయేటి ఆ దరిద్రం? పారీ వదినా. ఆ దొంగముండని రేపు గుడి మెట్టెక్కనివ్వకూడదు."

ఇప్పుడు చెప్పెయ్యొచ్చు. ఒక్క మాట. లోయిస్ నోరు తెరిచింది. "సరే, నువ్వెళ్ళు" అంది. తేలు కుట్టిన దొంగలా చప్పుడు చెయ్యకుండా మిగిలిన దుంపలన్నీ సంచిలో కుక్కి మూతి ముడేసింది. ఎవరికీ తెలియదు. వచ్చే నెల ప్రభువు రొట్టె పంచే బల్ల ఆదివారం నాడు చేర్చుకోవచ్చు, తనే సాక్ష్యం చెబుతుంది, అప్పటికి అందరూ మరిచిపోతారు. అలా నచ్చజెప్పుకుంటూ ఇంటికి వెళ్ళింది. జెఫ్రీ అన్నం పెట్టమంటే పెట్టింది. తను మాత్రం తినలేకపోయింది.

*

ఆదివారం గుడి కిటకిటలాడింది. గుమ్మడికాయలు, చెరుకుగడలు, అరటిగెలలు, ఎక్కడివక్కడ ఉన్నాయి. దక్షిణం కిటికీ అరుగు మాత్రం బోసిగా, ఫినాయిల్ వాసనతో ఉంది. లోయిస్ తెల్లచీరలో ఎప్పటిలాగే మొదటి వరసలో కూర్చుని, వెనక్కి తిరిగి చెప్పుల దగ్గరి ఆఖరి వరస దాకా వెతికింది. అప్పలలక్ష్మి లేదు.

కొత్తగా చేరేవాళ్ళ పేర్లు అయ్యగారు చదివారు. విశాఖ నుంచి బదిలీ మీద వచ్చిన కుర్ర జంట ముందుకొచ్చి నిలబడింది. ఒక పేరు దగ్గర ఆయన కాగితం మీద వేలు ఆగి, ముందుకు జరిగింది. ఎవరూ గమనించలేదు. లోయిస్ గమనించింది.

"బల్ల దగ్గరికి వచ్చేముందు ఎవరికి వారు పరీక్షించుకోండి. నీ సహోదరికి నీ మీద ఏదైనా ఉంటే ముందు వెళ్ళి సమాధానపడు." ప్రతి నెలా వినే మాటే. ప్రతి నెలా లోయిస్‌కి ఆ మాట వినగానే రేబెకాయో, మేడమీది వాళ్ళో, ఇంకెవరో గుర్తొచ్చేవారు. ఈసారి ఎవరూ గుర్తురాలేదు. ఒడిలో పెట్టుకున్న చెయ్యి కనబడింది, బొటనవేలి ముడతల్లో నల్లటి చారలు. ఇదే చెయ్యి చాచి రొట్టె తీసుకోవాలి.

లేచింది. బల్లవైపు వెళుతోందనుకుని పక్కావిడ కాళ్ళు ముడుచుకుంది. లోయిస్ వెనక్కి తిరిగి, నడవలోంచి అందరి మధ్యనుంచి నడిచి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయింది.

బజారు రద్దీగా ఉంది. అప్పలలక్ష్మి చెక్కపెట్టె మీద కూర్చుని ఉల్లిపాయలు తూస్తోంది. ఒంటిమీద కొత్త తెల్లచీర. మాయకుండా నడుముకి గోనెగుడ్డ చుట్టుకుంది. పిలుస్తారేమోనని కట్టుకుని ఉంటుంది. లోయిస్ ఆమె ఎదురుగా వెళ్ళి ఆగింది.

"నిన్న నువ్వు కిటికీ వైపు చూశావు" అంది నిలబడే. "నీకు తెలుసు. వెలుతురు తగిలి అలా అయ్యాయని నీకు తెలుసు."

అప్పలలక్ష్మి ఉల్లిపాయలు కొనేవాడి సంచిలో పోసి, అతను వెళ్ళాక అంది. "దుంపలమ్ముకునేదాన్ని, తెలీదేటమ్మా? మీరు పేర్చినాడే సూసినాను. గోనె కప్పీమని సెప్దామనుకున్నాను."

"మరి చెప్పవేం?"

"నాను తెచ్చిన సరుకుని అంత ముందర, దేవుడి కాడ, ఇన్నాళ్ళకి ఎవులెట్టినారమ్మా?" ఆమె నవ్వబోయింది, నవ్వు కుదరలేదు. "రోజూ మీటింగుకొచ్చి అదే సూసుకుని కూకున్నాను. కప్పీమంటానికి నోరు రానేదు."

"పోనీ నిన్నైనా! నేనన్ని మాటలంటుంటే!"

"మీరు సేసిన సిలవమ్మా అది. దాన్ని తప్పని నానెలగ సెప్పీది?"

లోయిస్ కుడిచెయ్యి చాచింది. అప్పలలక్ష్మి గాభరాపడి లేచింది. "మట్టి సేతులమ్మగారూ, ఉండండి," అంటూ పక్కనున్న నీళ్ళ బకెట్టు వైపు వంగింది.

"ఉండనీ. కడక్కు."

ఆ మట్టిచేతిని రెండు చేతులతో పట్టుకుంది. తర్వాత షెకైనాకి ఫోన్ చేసింది. నాలుగుసార్లు మోగాక ఎత్తింది. "మమ్మీ, ఎక్కడికి పోయావు? బల్ల అయిపోవస్తోంది, అందరూ నీ గురించే..."

"విను. అయ్యగార్ని ముగింపు ప్రార్థన ఆపమను. అప్పలలక్ష్మి వస్తోంది, సాక్ష్యం నాదే. దుంపలు పాడుచేసింది మా మమ్మీ అని చెప్పు. చెవిలో కాదు, మైకులో చెప్పు."

"సరుకొగ్గీసి ఎలగెల్లీదమ్మా?" అప్పలలక్ష్మి తక్కెడ వైపు చూసింది.

"నేను కూర్చుంటాను. నువ్వు పరిగెత్తు."

నడుముకున్న గోనెగుడ్డ విప్పించి తనే తీసుకుంది. తెల్లచీర సందు మలుపు తిరిగేదాకా చూసి, చెక్కపెట్టె మీద కూర్చుంది. కాళ్ళ కింద ఉల్లిపొట్టు, పక్కన కాలవ, ఎదురుగా నిన్న తను దుంపలు కొన్న దుకాణం. ఎండ నీలం గుడ్డ కిందకి జరిగి రాశి అంచుని తాకుతోంది. లోయిస్ వంగి, గోనెపట్టా అక్కడిదాకా లాగింది. చీర అంచుకి మట్టి అంటుకుంది.

ఒక బెంగాలీ పెద్దమనిషి వచ్చి దుంపలు ఏరుకుంటూ చేతులు దులుపుకున్నాడు. ఇంత మట్టేమిటి మాషీ, శుభ్రంగా కడిగి పెట్టుకోవచ్చుగా అని తన భాషలో విసుక్కున్నాడు. లోయిస్ ముక్కు ముడుచుకోలేదు.

"కడగకూడదు, దాదా" అంది. చేతిలోని దుంపని అలవాటుగా కొంగుతో తుడవబోయి, ఆగి, మట్టితోనే అతని సంచిలో వేసింది.